యశ్వంత్ ఘాడ్గే

యశ్వంత్ ఘాడ్గే (1921 నవంబరు 16 – 1944 జులై 10) రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ గడ్డపై ప్రాణాలర్పించిన భారతీయ సైనికుడు. 5వ మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ మూడో పటాలంలో నాయక్ హోదాలో పనిచేశారు. చనిపోయేనాటికి ఆయనకు 22 ఏళ్లు. బ్రిటిష్ సామ్రాజ్యంలో అత్యున్నత సాహస పురస్కారమైన విక్టోరియా క్రాస్ ఆయనకు మరణానంతరం దక్కింది.

నేపథ్యం

ఘాడ్గే స్వస్థలం కొంకణ్‌లోని పళస్‌గావ్. ఆ ఊరున్న అప్పటి కొలాబా జిల్లానే ఇప్పుడు రాయ్‌గఢ్ అంటున్నారు. అక్కడి పల్లెల కుర్రాళ్లు మరాఠా పటాలాల్లో చేరడం తరాలుగా వస్తున్నదే. ఆయన పనిచేసిన పటాలం 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో ఇటలీ సేనలతో తలపడింది, ఆ తర్వాత 10వ భారత డివిజన్‌లో భాగంగా ఇటలీలో అడుగుపెట్టింది.

1944 జూన్ 4న రోమ్ మిత్రరాజ్యాల వశమైంది. జర్మన్లు మాత్రం కకావికలై పారిపోలేదు. ఉత్తరాన అపెన్నైన్ పర్వతాల్లో గోథిక్ లైన్ అనే రక్షణ వరుసను పటిష్ఠం చేసుకోవడానికి వాళ్లకు వ్యవధి కావాలి. అందుకే ఒక్కో గుట్టనూ పట్టుకుని పోరాడుతూ వెనక్కి తగ్గారు. టైబర్ నది ఎగువ లోయలో ముందుకు సాగే పదాతిదళానికి ప్రతి మలుపులోనూ మెషిన్‌గన్లు ఎదురయ్యాయి.

1944 జులై 10

ఆ రోజు మరాఠా కంపెనీ ఒకటి శత్రువు గట్టిగా కాపలా కాస్తున్న స్థావరంపై దాడికి దిగింది. ఘాడ్గే నడుపుతున్న సెక్షన్‌పై అతి దగ్గరి నుంచి మెషిన్‌గన్ గుళ్ల వాన కురిసింది. ఆయన తప్ప సెక్షన్‌లోని వాళ్లంతా చనిపోయారు, లేదా గాయపడ్డారు.

ఘాడ్గే వెనుదిరగలేదు. ఒంటరిగా ఆ మెషిన్‌గన్ మీదికే ఉరికారు. ముందు గ్రెనేడ్ విసిరారు. దాంతో తుపాకీ మూగబోయింది, దాన్ని పేలుస్తున్నవాడు కూలిపోయాడు. చేతిలోని టామీగన్‌తో మరొకణ్ని కాల్చారు. మ్యాగజైన్ మార్చే వ్యవధి లేదు. ఖాళీ తుపాకీని గొట్టం వైపు పట్టుకుని, మిగిలిన ఇద్దరినీ దాని మడమతో మోది చంపారు.

అంతలోనే పొంచి ఉన్న స్నైపర్ల గుళ్లు ఆయన ఛాతీలో, వీపులో దిగాయి. ఒంటిచేత్తో పట్టుకున్న ఆ స్థావరంలోనే ప్రాణం విడిచారు.

స్మృతి

ఇటలీ రంగంలో ఇచ్చిన 20 విక్టోరియా క్రాస్‌లలో ఆరు భారత సైన్యానివే. వాటిలో రెండు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీవి. రెండోది 1945 ఏప్రిల్‌లో సెనియో నది దగ్గరి పోరుకు నామ్‌దేవ్ జాదవ్‌కు లభించింది. ఇటలీలో ప్రాణాలర్పించిన భారత సైనికులు 5,700కు పైనే.

ఘాడ్గే సమాధి ఎక్కడో తెలియదు. సమాధి జాడ తెలియని నాలుగు వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన కాసినో స్మారకంపై ఆయన పేరూ ఉంది. సొంత ప్రాంతమైన మాణగావ్‌లో విగ్రహం నిలిపారు. 2023 జులైలో ఇటలీలోని మోంతోనే పురపాలక సంఘం, అక్కడి సైనిక చరిత్రకారులు కలిసి ఆయన పేరిట ఒక నీడ గడియారాన్ని స్మారకంగా నెలకొల్పారు. ఇటలీ యుద్ధంలో పోరాడిన భారత సైనికులందరికీ అది అంకితం.