ఉక్కు: పత్రికల కెక్కిన ఒక తెలుగు మాట

తెలుగువారు నిత్యము పలుకు మాటలలో ‘ఉక్కు’ ఒకటి. ఇనుములో తగుపాళ్ళలో కర్బనము కలిసినచో అది ఉక్కగునని నేటి విద్యార్థి యెరుగును. కాని ఈ కర్బనపు పాత్ర ఇంకను పూర్తిగా తేటపడని కాలముననే ఆ మాట విదేశపు పత్రికలలోనికి పోయినది, అదియు వికృతరూపమున.

1794లో బొంబాయిలోని వైద్యుడు హెలీనస్ స్కాట్ కొన్ని ఉక్కుముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. మరుసటియేడు జార్జి పియర్సన్ వానిని పరీక్షించి, సొసైటీవారి ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ వ్యాసపు శీర్షికలోనే లోహము పేరు ‘వూట్జ్’ అని కలదు. ‘ఉక్కు’ ‘వూట్జ్’ ఎట్లయినది? కన్నడమునను తెలుగునను మాట ఒక్కటే. దానిని ఆంగ్లలిపిలో ‘వూక్’ అని వ్రాయగా అచ్చుకూర్చువాడు పొరబడి చదివియుండునని నిఘంటుకర్తల ఊహ. ఆ అచ్చుతప్పు నేటికిని లోహశాస్త్ర గ్రంథములలో నిలిచియున్నది! మన ముద్రాలయములవారికి ఇది కొంత ఊరట కావచ్చును.

ఆ పేరుతోనే పరిశోధన సాగినది. ఇందు కర్బనము సాధారణమైన పోతయుక్కులో కంటె హెచ్చని 1805లో డేవిడ్ మషెట్ నిర్ణయించెను. మైకేల్ ఫారడే 1819లో దీనిని విశ్లేషించి, అల్యూమినియము కలియుటయే దీని గుణములకు కారణమని తలచెను. ఆ త్రోవ సరియైనది కాదు. అయినను ఈ ఉక్కు ననుకరింపబూని, కత్తులు చేయు స్టోడార్టుతో కలిసి ఆయన ఉక్కులో అనేక లోహములను కలిపి చూచెను. 1820, 1822లలో వారు ప్రకటించిన వ్యాసములతోనే మిశ్రమలోహపు ఉక్కుల శాస్త్రము మొలకెత్తినది.

ఈ ఉక్కు తెలుగునేల మీదను తయారగుచుండెను. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు చేయు విధమును వాయిసీ అను ఆంగ్లేయుడు వర్ణించెను. అతడు మరణించిన పిదప, 1832లో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక దానిని ప్రకటించినది. పారశీక వర్తకులు స్వయముగా అచ్చటికి వచ్చి సరకు కొనిపోవుచుండిరట.

ఇక తెలుగు పత్రికల మాట. ‘ఉక్కు’నకు బలము, పౌరుషము అను అర్థము మన భాషలో ప్రాచీనమే, ‘ఉక్కడచుట’ అట్లు వచ్చినదే. అందుచేతనే ఆంగ్ల పత్రికలు వల్లభాయి పటేలును ‘ఇనుప’ మనిషి యనగా, తెలుగు పత్రికలు ‘ఉక్కుమనిషి’ యన్నవి. 1946లో చర్చిల్ ఉపన్యాసముతో ప్రసిద్ధికెక్కిన ‘ఇనుపతెర’ మాత్రము తెలుగులోను ఇనుపతెరయే. మెచ్చినదానికి ఉక్కు, గిట్టనిదానికి ఇనుము అని చెప్పవచ్చునా? అణచివేతను ‘ఉక్కుపాదము’ అనుట కూడ కలదు గనుక ఈ సూత్రమును దూరము లాగరాదు.

1966లో ఈ మాట తిరిగి లోహమునకు వచ్చినది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదము రాష్ట్రమంతట మారుమ్రోగినది. ఇందు ఉక్కు దేశ్యము, హక్కు అరబ్బీనుండి ఉర్దూ మీదుగా వచ్చినది. ప్రాస రెండింటిని కలిపినది. అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖపట్టణమున నిరాహారదీక్షకు కూర్చుండెను. నవంబరు 1న అచ్చట పోలీసు కాల్పులు జరిగినవి. రాష్ట్రము మొత్తము మీద ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధి పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి. కర్మాగారము జాతికి అంకితమైనది మాత్రము 1992 ఆగస్టు 1న! దాని మొదటి బ్లాస్టు ఫర్నేసునకు ‘గోదావరి’ అని పేరు. ఉద్యోగుల నివాసములకు వెలసిన ఊరు ‘ఉక్కునగరం’.

పేరు ఒకటే కాని పదార్థము ఒకటి కాదు. మూసలలో చేసిన పాత ఉక్కున కర్బనము నూటికి సుమారు 1.2 నుండి 1.6 పాళ్ళు, నేడు ఇండ్ల కప్పులకు వాడు కడ్డీలలో అది సాధారణముగా 0.3 మించదు. ఆ కడ్డీ వంగవలెను, కత్తి తెగకోయవలెను.

2021 జనవరిలో కర్మాగారములోని తన వాటాలనన్నిటిని వదలుకొనుటకు కేంద్రము సూత్రప్రాయముగా ఆమోదించినపుడు 1966 నాటి నినాదమే మరల పత్రికల శీర్షికల కెక్కినది. ఒక్క అక్షరమైనను మారలేదు.