ఉన్మాదమును గూర్చి మన పల్లెల తలంపు

మన పల్లెలలో నొకనికి మతి చలించినచో మొదట వినవచ్చు మాట "గాలి సోకినది" అని. పిమ్మట భూతవైద్యుడు, వేపమండలు, తాయెత్తులు. దీనిని జూచి పట్టణవాసులు నవ్వుట కలదు. ఆ నవ్వు న్యాయమైనదేనా యని విచారించుటకు చరిత్ర కొంత తోడ్పడును.

ఆయుర్వేదము యొక్క యెనిమిది యంగములలో భూతవిద్య యొకటి యనుట నిజమే. కాని చరకసంహిత ఉన్మాదము నైదు విధములుగా విభజించి, అందు నాలుగింటికి దోషప్రకోపమునే కారణముగా జెప్పినది. తన తప్పిదమున తాను చెడని మానవుని దేవతలుగాని పిశాచములుగాని బాధింపవని నిదానస్థానమున స్పష్టపఱచినది. ఈ మాట గ్రంథములలో నిలిచిపోయినది; భూతవిద్య మాత్రము పల్లెకు దిగినది. పూర్వులను పొగడువారును తెగడువారును గూడ మూలమును దెఱచి చూడకుండుట మనలో పాత యలవాటు.

తరువాతి ప్రభుత్వము పల్లెకు నేర్పినదేమి? 1858 నాటి శాసనములును, వాని స్థానమున వచ్చిన 1912 నాటి శాసనమును రోగిని ముఖ్యముగా నిర్బంధింపదగిన వానిగా జూచినవి. పోలీసువారు పట్టుకొనుట, మేజిస్ట్రేటు ఉత్తరువిచ్చుట, గోడల లోపల నుంచుట. అందువలన వీథులవెంట తిరుగుచు ఱాళ్లు రువ్వువాడే పిచ్చివాడను తలంపు బలపడినది. మూల గూర్చుండి, పలుకక, తినక కృశించు కోడలిని జూచినను, కానుపైన పిమ్మట బిడ్డ మొగమైనను చూడనొల్లని బాలింతను జూచినను అది రోగమని యెవరికిని తోచలేదు. పొగరనిరి, లేదా దయ్యమనిరి. ఎందఱు స్త్రీలు ఈ రెండు మాటల నడుమ నలిగిరో లెక్క వ్రాసినవారు లేరు.

ఇక ఆసుపత్రులా? 1946లో భోర్ సంఘపు నివేదిక వెలువడునాటికి దేశమంతటికిని మానసిక రోగులకున్న మంచములు సుమారు 10 వేలు. అనగా 40 వేల జనమునకొక్కటి. భూతవైద్యుని కడకు బోవలదని చెప్పుట సులభము. మఱి యెక్కడికి బోవలెనో చెప్పగలవారెవరు?

ఈ లోటు ఫలితము 2001 ఆగష్టు 6వ తేదీన తమిళనాట రామనాథపురము జిల్లా ఏర్వాడిలో కనబడినది. అచటి దర్గాయందలి నమ్మకముతో బంధువులు తెచ్చి విడిచిన రోగులను, చుట్టునున్న ప్రైవేటు శాలలవారు రుసుము గైకొని గొలుసులతో గట్టియుంచెడివారు. తెల్లవారుజామున నొక పాకకు నిప్పంటుకొనగా, కదలనేరక 28 మంది మరణించిరి. సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు బూనుకొనెను. పిమ్మట ఆ శాలలు మూయబడినవి.

అయినను విశ్వాసస్థలము లన్నిటిని ఒక్క గాటను గట్టరాదు. తమిళనాటనే యొక ముత్తుస్వామి గుడిలో నివసించిన 31 మంది రోగులను బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి, 2002లో ఫలితము ప్రకటించిరి. సగటున ఆఱు వారములు మందులేకయే గుడిలో నుండినవారికి రోగలక్షణములు సుమారు అయిదవ వంతు తగ్గినవి. ప్రత్యేకమైన పూజ లేవియు లేవు. భయపెట్టని యాదరణయే కారణమై యుండునని వారి యూహ. మందు మాన్పింపవలెనని దీని యర్థము కాదు. రోగి కోరునది మందొక్కటే కాదని మాత్రము తెలియుచున్నది.

ఆ మందును పల్లెకు జేర్చు యత్నము 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమముతో మొదలైనది. 1953 వఱకు మదరాసు రాష్ట్రములో నుండి, నేటికిని తెలుగువారు గల బళ్లారి జిల్లాలో 1985 మొదలు దీనిని పరీక్షించి చూచిరి. ప్రాథమిక వైద్యశాలల డాక్టర్లకును, ఇంటింటికి దిరుగు ఆరోగ్య కార్యకర్తలకును ఈ రోగములను గుర్తించుట నేర్పి, ముఖ్యమైన మందులను అక్కడనే దొరకునట్లు చేసిరి. రోగిని గోడల లోపలికి గొంపోవుటకు మాఱుగా వైద్యమే గుమ్మమునకు వచ్చెను. 1996లో ఈ పద్ధతిని తొలుత నాలుగు జిల్లాలకు విస్తరింపజేసినప్పుడు, వానిలో మన మెదకు ఒకటి.

గొలుసు వేయుటను 2017 నాటి చట్టము పూర్తిగా నిషేధించినది. 2022 అక్టోబరు 10 నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే సలహా నడుగవచ్చును. ఈ సంఖ్యను బడిగోడమీదను, గుడి ముంగిటను, దర్గా వాకిటను వ్రాయించుటకు పెద్ద వ్యయ మక్కఱలేదు.