కొల్లేటి చాంతాడు

తెగని కథను మనవారు కొల్లేటి చాంతాడుతో పోల్చుదురు. కొల్లేటి కథయు అట్టిదే.

గోదావరి, కృష్ణల ఒండ్రు రెండు వైపుల నేలను పెంచగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరుల వరదను పట్టి నిలిపి, ఉప్పుటేటి ద్వారా మెల్లగా కడలికి విడుచుట దాని పని. లంక గ్రామముల వడ్డివారు ఆ నీటిలో వలలు వేసి బ్రతికిరి.

1970 దశకమున ప్రభుత్వము వారికి సహకార సంఘములు ఏర్పరచి చేపల చెరువులు త్రవ్వించినది. ఉద్దేశము మంచిదే. కాని క్రమముగా అనేక చెరువులు కౌలు మార్గమున ధనికుల వశమైనవి. వాటి గట్లు వరద దారిని మూసినవి. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో అధికారులు ఆ గట్లను తెగగొట్టించిరి.

నీటికి దారి దొరకినది. చెరువులపై కూలిచేసి బ్రతికిన పేదకు మాత్రము చాలినంత వేరు ఉపాధి దొరకలేదు. కొన్నియేండ్లకే పలుచోట్ల గట్లు మరల లేచినవి.

గట్టు కొట్టుట ఒకనాటి పని. అది మరల లేవకుండ కాయవలసినవాడు లంకవాసియే. అతని వలకు చేప దొరకిననాడే కొల్లేరు కొల్లేరుగా నిలుచును.