ఇరవై నెగ్గింది, పది తడబడింది

ఐరోపా సమాఖ్య 2009 ఏప్రిల్ 23న చేసిన ఒక చట్టం చివర చిన్న పట్టిక ఉంది. అందులో 27 దేశాల పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా రెండేసి అంకెలు. 2005లో ఆ దేశం వాడిన ఇంధనంలో గాలి, ఎండ, నీరు, కట్టె వంటి పునరుత్పాదక వనరుల నుంచి ఎంత శాతం వచ్చిందో మొదటి అంకె చెబుతుంది. 2020 నాటికి అది ఎంతకు చేరాలో రెండో అంకె చెబుతుంది. స్వీడన్ 39.8 నుంచి 49కి, జర్మనీ 5.8 నుంచి 18కి, బ్రిటన్ 1.3 నుంచి 15కి చేరాలి. మధ్యధరా సముద్రంలోని మాల్టా సున్నా నుంచి 10కి రావాలి.

ఆశయాలు ప్రకటించడం ఏ దేశానికైనా తేలికే. ఇక్కడ జరిగింది వేరు. సొంత పార్లమెంటు, సొంత బొగ్గు గనులు, సొంత అణు విద్యుత్ కేంద్రాలు ఉన్న దేశాలు తమ ఇంధన భవిష్యత్తును ఉమ్మడి చట్టంలో అంకెగా రాసుకున్నాయి. మాట తప్పితే యూరోపియన్ న్యాయస్థానం ముందు నిలబడతామని ఒప్పుకున్నాయి. అంతకుముందు ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి కట్టుబాటు మరెక్కడా జరగలేదనే చెప్పాలి. అదే చట్టంలో మరో అంకె కూడా ఉంది. రవాణాలో వాడే ఇంధనంలో 10 శాతం పునరుత్పాదకం కావాలన్నది ఆ నిబంధన. మొదటి అంకె ఐరోపా గర్వంగా చెప్పుకునే విజయమైంది. రెండో దాన్ని సరిదిద్దుకోవడానికే దశాబ్దం పైన పట్టింది. ఒకే చట్టంలో పుట్టిన రెండు అంకెల గతి ఇలా ఎందుకు వేరైందో మనం తెలుసుకోవాలి. ఆ రెండూ మన దాకా వచ్చాయి కనుక.

కట్టుబాటు ఒక్కరోజులో రాలేదు. 1997లో యూరోపియన్ కమిషన్ ఒక శ్వేతపత్రం తెచ్చి, 2010 నాటికి పునరుత్పాదక వాటా 12 శాతానికి చేరాలని కోరింది. 2001లో విద్యుత్తు మీద ఒక చట్టం, 2003లో జీవ ఇంధనాల మీద మరొకటి వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నవి సూచనప్రాయ లక్ష్యాలే. చేస్తే మంచిది, చేయకపోతే అడిగేవారు లేరు. జీవ ఇంధనం 2005కి 2 శాతం, 2010కి 5.75 శాతం కావాలని 2003 చట్టం చెప్పింది. 2005 వచ్చేసరికి అది ఒక శాతం దగ్గరే ఉండిపోయింది. సూచనలతో పని జరగదని కమిషన్‌కు అనుభవంలో తెలిసొచ్చింది.

అదే సమయంలో భయం కూడా పెరిగింది. 2006 జనవరి 1న రష్యా ఉక్రెయిన్‌కు గ్యాస్ ఆపేసింది. ఆ పైపుల మీదే ఆధారపడ్డ ఐరోపా నగరాల్లో గ్యాస్ ఒత్తిడి తగ్గింది. చమురు ధర ఎక్కుతూ పోయింది. 2007 ఫిబ్రవరిలో వాతావరణ మార్పులపై ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల బృందం కొత్త నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి నెలలోనే, మార్చి 8, 9 తేదీల్లో ఐరోపా దేశాధినేతలు బ్రస్సెల్స్‌లో సమావేశమయ్యారు. అధ్యక్ష స్థానం జర్మనీది, అంటే ఏంగెలా మెర్కెల్‌ది. ఆమె భౌతిక శాస్త్రం చదివి, క్వాంటం రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. 1995లో బెర్లిన్‌లో జరిగిన మొదటి వాతావరణ సదస్సుకు పర్యావరణ మంత్రిగా అధ్యక్షత వహించిన మనిషి కూడా. శాతాల వెనుక ఉన్న లెక్క ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అడ్డు చెప్పినవారు తక్కువేం కాదు. ఫ్రాన్స్‌కు అణు విద్యుత్తే ప్రాణం. కర్బనం తగ్గించడమే ధ్యేయమైతే అణువును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఆ దేశాధ్యక్షుడు జాక్ షిరాక్ వాదన. పోలండ్ బొగ్గు మీద నడిచే దేశం. తూర్పు ఐరోపా దేశాలు అప్పుడప్పుడే సమాఖ్యలో చేరి ఆర్థికంగా నిలదొక్కుకుంటున్నాయి. చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ: 2020కి సమాఖ్య మొత్తం మీద 20 శాతం, అందరూ కట్టుబడాల్సిందే. అయితే ఏ దేశానికి ఎంత అన్నది తర్వాత తేలుస్తారు. ఆ పంపకంలో ప్రతి దేశపు పరిస్థితిని చూస్తామన్న హామీతో అందరూ తల ఊపారు.

పంపకం పని కమిషన్ మీద పడింది. ఇంధన శాఖ చూస్తున్న లాత్వియా దేశస్తుడు ఆండ్రిస్ పీబాల్గ్స్ బృందం 2008 జనవరి 23న తన ప్రతిపాదన బయటపెట్టింది. లెక్క ఇలా సాగింది. 2005లో సమాఖ్య సగటు 8.5 శాతం. ఇరవైకి చేరాలంటే ఇంకా 11.5 కావాలి. అందులో సగం బరువు అందరూ సమానంగా మోయాలి, మిగతా సగం ఎవరి ఆదాయాన్ని బట్టి వారు మోయాలి. ముందే మేలుకుని పని మొదలుపెట్టిన దేశాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. అలా ఒక్కో దేశానికి పడిన సమాన వాటా 5.5 శాతం. ఆపైన సంపన్నులకు ఎక్కువ, పేదలకు తక్కువ. అందుకే రొమేనియా 17.8 నుంచి 24కి, అంటే ఆరు శాతం పైచిలుకు పెరిగితే చాలు. బ్రిటన్ మాత్రం 13.7 శాతం పెరగాలి. ఊరుమ్మడి చెరువు పూడికతీతకు చందా వేసినప్పుడు ఇంటికింత అని కొంత, ఎకరానికింత అని కొంత వసూలు చేస్తారే, అచ్చం అదే పద్ధతి.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. ఎక్కడ ఎండ బాగా కాస్తుంది, ఎక్కడ గాలి బాగా వీస్తుంది అన్నది అది చూడలేదు. ఎవరి జేబులో ఎంతుందో మాత్రమే చూసింది. ఆర్థికవేత్తలు అప్పుడే దీన్ని ఎత్తిచూపారు. అయినా ఇదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. న్యాయంగా కనబడని పంపకానికి 27 దేశాలు సంతకం చేసేవి కావు. లోపాన్ని సరిచేయడానికి చట్టంలోనే ఒక దారి పెట్టారు. తన వాటాకు మించి ఉత్పత్తి చేసిన దేశం ఆ మిగులును లెక్కల్లో మరో దేశానికి అమ్ముకోవచ్చు. ఒక్క యూనిట్ కరెంటు కూడా సరిహద్దు దాటక్కర్లేదు. 2017లో లక్సెంబర్గ్ ఇలా లిథువేనియా, ఎస్టోనియాల నుంచి మొదటిసారి కొనుక్కుంది. తర్వాత నెదర్లాండ్స్ డెన్మార్క్ నుంచి కొంది.

ఇక పది శాతం కథ. అది మొదట రవాణాలో జీవ ఇంధనం కోసం పెట్టుకున్న అంకె. జీవ ఇంధనం వెనుక వాతావరణం ఒక్కటే లేదు, వ్యవసాయం కూడా ఉంది. 1992 సంస్కరణల నుంచి ఐరోపా పెద్ద రైతులు తమ భూమిలో కొంత భాగాన్ని సాగు చేయకుండా వదిలేయాల్సి వచ్చేది. ధాన్యం మిగిలిపోయి ధర పడకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. అయితే తిండికి కాని పంటలు ఆ భూమిలో వేసుకోవచ్చు. అలా ఆవ జాతికి చెందిన రేప్‌సీడ్ జర్మనీ, ఫ్రాన్స్ పొలాల్లో పసుపు పచ్చగా పరుచుకుంది. దాని నూనె బయోడీజిల్ అయింది. 2003 సంస్కరణలు ఇంధన పంటకు హెక్టారుకు 45 యూరోల ప్రోత్సాహకం కూడా ఇచ్చాయి. రైతుకు రాబడి, దిగుమతి చమురు నుంచి విముక్తి, పర్యావరణానికి మేలు అన్నీ ఒకేసారి దక్కుతాయనిపించింది. 2007 మార్చి సమావేశంలో పది శాతానికి పెద్దగా ఎదురు రాలేదు. అయితే రెండు షరతులు మాత్రం రాసుకున్నారు. ఉత్పత్తి పర్యావరణానికి హాని చేయకూడదు. గడ్డి, కలప వ్యర్థాల నుంచి తీసే రెండో తరం ఇంధనాలు మార్కెట్‌లోకి రావాలి. ఆ రెండో తరం అనుకున్న సమయానికి రాలేదు.

సంవత్సరం తిరగకముందే గాలి మారింది. మొక్కజొన్న ధర పెరిగి రొట్టె ఖరీదైందని 2007 జనవరిలోనే మెక్సికోలో జనం వీధుల్లోకి వచ్చారు. ఆ అక్టోబరులో ఐక్యరాజ్య సమితి ఆహార హక్కు ప్రతినిధి జాన్ జీగ్లర్, తిండి పంటను ఇంధనంగా మార్చడం మానవాళిపై నేరమని బాహాటంగా అన్నారు. 2008లో బియ్యం, గోధుమ ధరలు ప్రపంచమంతటా భగ్గుమన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో తిమోతీ సెర్చింగర్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. వాదన సూటిగా ఉంది. ఒక రైతు పంట ట్యాంకులోకి పోయినంత మాత్రాన జనం తినడం మానరు. ఆ లోటును ఇంకెక్కడో ఎవరో పూడ్చాలి. అక్కడ అడవి నరికో, గడ్డి భూములు దున్నో కొత్త పొలం చేస్తారు. ఆ నేలలోంచి వెలువడే కర్బనాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? ఐరోపా లెక్కల్లో దానికి చోటే లేదు. ఏప్రిల్‌లో యూరోపియన్ పర్యావరణ సంస్థ శాస్త్రీయ సంఘం ఈ పది శాతాన్ని పక్కన పెట్టమని సలహా ఇచ్చింది. సమాఖ్య సొంత శాస్త్రవేత్తల మాట అది.

యూరోపియన్ పార్లమెంటులో ఈ బిల్లును నడిపించింది లక్సెంబర్గ్ గ్రీన్ సభ్యుడు క్లాడ్ తుర్మెస్. ఇరవై శాతాన్ని నిలబెట్టడానికి ఎంత పట్టుబట్టాడో, జీవ ఇంధనం పదిని తీసేయడానికీ అంతే ప్రయత్నించాడు. తీసేయలేకపోయాడు, కానీ మార్చగలిగాడు. పది శాతం జీవ ఇంధనం అన్నది పది శాతం పునరుత్పాదక ఇంధనం అయింది. విద్యుత్ వాహనాలు కూడా లెక్కలోకి వచ్చాయి. పెట్రోలు, డీజిల్ కంటే కనీసం 35 శాతం తక్కువ ఉద్గారాలు ఉండాలన్నారు. అడవులు నరికిన నేలలో పండినదాన్ని లెక్కించబోమన్నారు. చివర్లో ఇటలీ సమీక్ష నిబంధన కోసం పట్టుబట్టింది. 2014లో సమీక్ష ఉంటుంది, దానివల్ల ఇరవై శాతం మాత్రం కదలదు అన్న మాటతో రాజీ కుదిరింది. 2008 డిసెంబరు 17న పార్లమెంటు ఆమోదించింది. పరోక్షంగా నరికే అడవుల సంగతి? దాని మీద 2010 చివరికి నివేదిక ఇవ్వండని కమిషన్‌కు చెప్పి వాయిదా వేశారు.

ఆ వాయిదాకు మూల్యం పెద్దదే. నివేదిక 2010లో వచ్చింది. దాని మీద ప్రతిపాదన 2012లో, చట్టం 2015లో వచ్చాయి. తిండి పంటల ఇంధనం ఏడు శాతం దాటకూడదని అప్పుడు హద్దు పెట్టారు. ఈలోగా ఫ్యాక్టరీలు కట్టారు, బ్యాంకులు అప్పులిచ్చాయి, రైతులు పంట మార్చారు. ఐరోపా రేప్‌సీడ్ నూనె బయోడీజిల్‌లోకి పోతుంటే ఇండోనేషియా, మలేషియా పామాయిల్ ఆ ఖాళీలోకి వచ్చింది, ట్యాంకుల్లోకి నేరుగానూ వచ్చింది. ఐరోపా దిగుమతి చేసుకున్న పామాయిల్‌లో సగానికి పైగా వాహనాల్లోనే కాలిందని 2018 నాటి పరిస్థితి మీద పర్యావరణ సంస్థలు లెక్కగట్టాయి. బోర్నియో, సుమత్రా దీవుల్లో తేమ నేలల అడవులను ఎండగట్టి వేసిన తోటల్ని కూడా కలిపి చూస్తే పామాయిల్ డీజిల్ మామూలు డీజిల్ కంటే ఎక్కువ హాని చేస్తుందని కమిషన్ చేయించిన అధ్యయనమే చెప్పింది. ఇలాంటి పామాయిల్ ఇంధనాన్ని 2030 నాటికి పూర్తిగా తగ్గించాలని 2018 చట్టం నిర్ణయించింది. దాని మీద ఇండోనేషియా, మలేషియా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కాయి.

ఇరవై శాతం ఏమైంది? 2020లో సమాఖ్య 22.1 శాతానికి చేరింది. కొవిడ్ వల్ల ఆ ఏడాది ఇంధన వాడకం తగ్గడం కొంత కలిసొచ్చింది. స్వీడన్ 60 శాతం అందుకుంది. మాల్టా కూడా పది దాటింది. 23 చేరాల్సిన ఫ్రాన్స్ ఒక్కటే 19.1 దగ్గర ఆగిపోయింది. ఈ విజయంలోనూ ఒక మెలిక ఉంది. ఐరోపా పునరుత్పాదక ఇంధనంలో సగానికి పైగా కట్టె, పంట వంటి జీవ పదార్థాల నుంచే వస్తోంది. అడవి కలపను మండించి దాన్ని పచ్చ ఇంధనం అనడాన్ని వ్యతిరేకిస్తూ 2018లో దాదాపు 800 మంది శాస్త్రవేత్తలు పార్లమెంటుకు లేఖ రాశారు. అయినా గాలిమరలకు, సోలార్ పలకలకు ఆ చట్టం ఇచ్చిన ఊపును తక్కువ చేయలేం. పెట్టుబడి పెట్టేవాడికి పన్నెండేళ్ల పాటు కదలని అంకె దొరికింది. ఇప్పుడు 2030కి 42.5 శాతం అంటున్నారు. అయితే ఈసారి కట్టుబాటు సమాఖ్య మొత్తానికే, దేశాలవారీ పట్టిక లేదు. ఆ పట్టికను వదులుకోవడం వెనకడుగేనని నేననుకుంటాను.

తెలుగు నేలకు ఈ రెండు అంకెలూ చేరాయి. 2000 తర్వాత జర్మనీ, స్పెయిన్, ఇటలీ పోటీపడి సోలార్ పలకలు కొనడంతో చైనా ఫ్యాక్టరీలు పెరిగాయి, పలక ధర పడిపోయింది. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కి పూర్తయిందంటే ఆ ధరల పతనమూ ఒక కారణం. రెండో అంకె వంటింట్లోకి వచ్చింది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే. ఐరోపా డీజిల్ ట్యాంకు, మన బజ్జీల మూకుడు ఒకే నూనె కోసం పోటీపడ్డాయి.

ఇప్పుడు మన దగ్గరా అలాంటి అంకె ఉంది. 2018 విధానం పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌కు 2030 గడువు పెట్టింది. 2022లో దాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2025లో అందుకున్నారు. చెరకుతో పాటు మొక్కజొన్న, ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం కూడా డిస్టిలరీలకు వెళ్తున్నాయి. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. దాణా ధరలతో కోళ్ల రైతులు మొరపెట్టుకున్నారు. అదే ఏడాది నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు. ఇరవై దాటి వెళ్లాలన్న మాట ఢిల్లీలో వినబడుతోంది. ఆ కొత్త అంకె చట్టమయ్యే ముందే అది ఏ పంట నుంచి, ఎన్ని ఎకరాల నుంచి, ఎంత నీటితో వస్తుందో జిల్లాలవారీగా పట్టిక వేసి పార్లమెంటు ముందు పెట్టాలి. మన ఎంపీలు అడగాల్సింది ఆ పట్టికనే. ఫ్యాక్టరీలు లేచాక అడిగితే ఏమవుతుందో ఐరోపా చూపించింది.