ఇన్‌ఫ్లుయెంజా టీకా - ముందు ఎవరికి?

ఇన్‌ఫ్లుయెంజా టీకా ఎవరెవరు వేయించుకొనవలెనని సంఘస్థులు మమ్ము అడుగుచుందురు. ఈ ప్రశ్నకు జవాబు కాలముతోపాటు మారుచు వచ్చినది గనుక ఆ చరిత్రను కొంత వ్రాయుచున్నాము.

1918 జూన్‌లో బొంబాయిలో అడుగుపెట్టిన ఈ జ్వరము సెప్టెంబరు నుండి ఉగ్రరూపము దాల్చి మన దేశములో కోటిమందికి పైగా పొట్టన బెట్టుకొనెను. పడిపోయినవారిలో 20, 40 ఏండ్ల నడిమివారు అనేకులు. పురుషులకంటె స్త్రీలే ఎక్కువ. 1921 జనాభా లెక్కలలో హైదరాబాదు సంస్థాన జనసంఖ్య 1911 నాటికంటె తగ్గియుండుటకు ఇదియొక ముఖ్య కారణము. ఆనాడును కొన్ని దేశములలో టీకాలు వేసిరి గాని, అవి బాక్టీరియాతో చేసినవి. అసలు శత్రువు వైరస్ అని అప్పటికి ఎవరికిని తెలియదు.

1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా అను వైద్యశాస్త్రజ్ఞులు, ముంగిసవంటి ఫెర్రెట్ అను జంతువు సాయముతో మనుష్యుల ఫ్లూ వైరస్‌ను పట్టుకొనిరి. జబ్బుపడిన ఫెర్రెట్ ఎదుట తుమ్మగా స్మిత్‌గారికే జ్వరము తగిలినదట! తరువాత అమెరికాలో కోడిగ్రుడ్లలో వైరస్‌ను పెంచి, చంపి, టీకా చేసిరి. 1945లో అది మొదట అందినది సైనికులకు. 1947లో వైరస్ రూపు మార్చుకొనగా ఆ టీకా పనిచేయలేదు. ఏటేటా క్రొత్త టీకా వేయించుకొనవలసి వచ్చుట ఇందువలననే.

1957 ఆసియా ఫ్లూలో ఎవరు చనిపోయిరో చూచిన పిమ్మట, 1960లో అమెరికా ప్రభుత్వము 65 ఏండ్లు దాటినవారికి, దీర్ఘరోగులకు, గర్భిణులకు టీకా వేయుమని చెప్పెను. బలవంతుల వంతు వెనుకకు పోయి బలహీనుల వంతు వచ్చినది.

జపాను వేరొక త్రోవ త్రొక్కెను. 1962 నుండి అక్కడ బడిపిల్లలకు టీకాలు వేయసాగిరి. ఫలితము లేదను వాదము పెరిగి 1994లో ఆ పథకము ఆగిపోయెను. తీరా 2001లో వెలువడిన ఒక పరిశీలన, పిల్లలకు వేసిన ఆ సంవత్సరములలో ఏటా 37 వేల నుండి 49 వేల మరణములు, ముఖ్యముగా వృద్ధులవి, తప్పినవని అంచనా కట్టెను. ఈ అంకెను ఒప్పుకొననివారును కలరు. అయినను మనుమని దగ్గు తాతకు అంటుననుటకు శాస్త్రజ్ఞులెందుకు? మన ఇండ్లలో చూచుచున్నదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో గర్భిణులను అగ్రస్థానమున నిలిపెను. 2022లో వృద్ధులను, దీర్ఘరోగులను, వైద్య సిబ్బందిని వారి సరసన చేర్చెను. రోగులను పరామర్శించుటకు ఆసుపత్రి వార్డులలో తిరుగు మాబోటి కాపరులును వైద్య సిబ్బందివలెనే వేయించుకొనుట మేలని మా అభిప్రాయము. గర్భిణుల విషయములో మన పెద్దలు భయపడుదురు. సూదిమందులోనిది చచ్చిన వైరస్. అది ఫ్లూ తేలేదు. ఆరు నెలలు నిండని శిశువుకు ఈ టీకా వేయరాదు. తల్లి గర్భిణిగా నున్నప్పుడు వేయించుకొన్నచో, ఆమె రక్తమునుండి బిడ్డకు చేరిన రక్షణయే ఆ మొదటి నెలలలో ఆ పసికందును కాపాడును.