సూరత్తు నటీమణి ఫాత్మా బేగము

సూరత్తు అనగానే చరిత్ర చదివినవారికి ఓడలు, జరీ వస్త్రములు, ఆంగ్లేయుల తొలినాటి వర్తకస్థానము జ్ఞప్తికి వచ్చును. నటీమణులు జ్ఞప్తికి రారు. ఆ నగరమునకు దక్షిణమున కొలది మైళ్లలో సచిన్ అను చిన్న సంస్థానముండెను. ఆఫ్రికా ఖండమునుండి వచ్చి జంజీరాను ఏలిన సిద్దీల వంశమువారు 1791లో దానిని స్థాపించిరి. 1948లో అది బొంబాయి రాష్ట్రమున విలీనమైనది. ఫాత్మా బేగము కథలో ఈ సంస్థానమునకొక చోటు కలదు.

ఆమె ఉర్దూ రంగస్థలమున వృత్తి ప్రారంభించెను. ఆ రంగస్థలము చాలవరకు బొంబాయి పార్శీల సృష్టి. 1871లో ఒక గుజరాతీ నాటకమును ఉర్దూలోనికి మార్చి ఆడిననాటినుండి వారి కంపెనీలు ఆ భాషను ఊరూరికి మోసికొనిపోయెను. మన నాటకములలోని పార్శీ మట్లు వారి చలువయే గదా!

సచిన్ నవాబు ఇబ్రాహీం మహమ్మద్ యాకూత్ ఖాన్ ఆమెను వివాహమాడెనని ప్రతీతి. కాని వివాహపత్రముగాని, సుల్తానా, జుబేదా, షెహజాదీ అను ముగ్గురు కుమార్తెలను ఆయన తన సంతానముగా అంగీకరించిన దాఖలాగాని లేదు. మహమ్మదీయ ధర్మశాస్త్రమున ఆ అంగీకారమే ముఖ్యము. పత్రికలు ఆ బిడ్డలను రాకుమార్తెలని వర్ణించుట వినసొంపుగా నుండునేగాని, వారిని పోషించినది సంస్థానము కాదు, తల్లి వృత్తి.

స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆచారము ఇంకను పూర్తిగ పోని ఆ కాలమున, 1922లో, అర్దేషీర్ ఇరానీ కంపెనీవారి వీర అభిమన్యు చిత్రమున ఆమె తెరకెక్కెను. పిదప కుమార్తెలను గూడ ఆ మార్గముననే నడపెను. కులీనస్త్రీకి తగని పనియని లోకమనుకొన్నదానిని ఇంటి వృత్తిగా మార్చుట సామాన్యమైన తెగువ కాదు. 1926లో ఆమె ఫాత్మా ఫిల్మ్స్ అను సంస్థను నెలకొల్పి, బుల్‌బులే పరిస్తాన్ అను అద్భుతకథాచిత్రమునకు స్వయముగా దర్శకత్వము వహించెను. భారతదేశమున చిత్రదర్శకత్వము వహించిన ప్రథమ మహిళ ఆమెయే.

మూకీచిత్రమున భాషతో పనిలేదు. నటి ఏ యాసతో పలికినను ప్రేక్షకునకు వినబడదు. 1931 మార్చి 14న బొంబాయి మెజిస్టిక్ సినిమాలో ఆలం ఆరా విడుదలైనంతనే పరిస్థితి తారుమారైనది. ఆ తొలి భారతీయ టాకీకి మూలము జోసెఫ్ డేవిడ్ వ్రాసిన పార్శీ నాటకము; నాయిక, 1911లో సూరత్తున జన్మించిన జుబేదా. తల్లి రంగస్థలమున పలికిన ఉర్దూ, కుమార్తెకు తెరమీద అక్కరకు వచ్చెను. మరుసటి సంవత్సరము తెలుగు తెరమీద మాటాడిన భక్త ప్రహ్లాదకు నిర్మాతయు ఇరానీయే.

జుబేదా తరువాత హైదరాబాదునకు చెందిన రాజా ధన్‌రాజ్‌గిర్‌ను వివాహమాడెను, 1988లో మరణించెను. ఫాత్మా బేగము 1938 తరువాత తెరమీద కనుపింపలేదు. ఆమె 1983లో కన్నుమూసెను. బుల్‌బులే పరిస్తాన్ ప్రతి యొక్కటియు నేడు మిగిలిలేదు. ఆలం ఆరా గతియు అంతే.