రహీం సాబ్ అడిగిన బహుమానం

జకార్తా, 1962 సెప్టెంబరు 3, రాత్రి.

భారత ఫుట్‌బాల్ జట్టు బస చేసిన చోట ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ రోజే ఊళ్లో మూకలు భారత రాయబార కార్యాలయం మీద పడ్డాయి. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడం తప్పని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో మన దేశపు సభ్యుడు గురుదత్ సోంధి తెగేసి చెప్పారు. ఆ కోపం భారతీయులందరి మీదికీ మళ్లింది. తెల్లవారితే ఫుట్‌బాల్ ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. ఇదే పోటీల్లో మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు.

మన జట్టులో ఒంట్లో కులాసాగా ఉన్నవాళ్లు తక్కువ. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. త్రిలోక్ సింగ్ కాలికి దెబ్బ. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్నాడు. వీళ్లందరినీ నడిపిస్తున్న శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీంను లోపల్నుంచి క్యాన్సర్ తినేస్తోంది.

ఆ రాత్రి రహీం కుర్రాళ్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. రేపు మీ నుంచి నాకొక బహుమానం కావాలి, బంగారు పతకం తెచ్చిపెట్టండి అని అడిగారు. ఆ జట్టువాళ్లు ముసలితనంలో కూడా ఆ మాట తలుచుకున్నప్పుడల్లా గొంతు పూడుకుపోయేది.

కాచిగూడ బడిలో

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదువుతూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. ఇప్పుడు మనం చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేవలేదు. గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలో తరగతులు నడిచిన రోజులవి. చదువు అయ్యాక ఆయన పట్టుకున్న ఉద్యోగం బడిపంతులుది. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి మైదానంలోనూ మాస్టారయ్యారు. భారత ఫుట్‌బాల్‌ను ఆసియా శిఖరానికి ఎక్కించిన మనిషి కాలేజీ మైదానంలో ఆట నేర్చుకుని, బడి మైదానంలో ఆట నేర్పినవారు.

కాచిగూడ పేరు పాలమూరు వాళ్లకు బాగా తెలిసిందే. గద్వాలలోనో, మదనాపురం దగ్గరి వనపర్తి రోడ్డు స్టేషన్‌లోనో రైలెక్కిన పిల్లలకు పట్నం అంటే ముందు కాచిగూడ స్టేషన్. నాగర్‌కర్నూల్ పిల్లలకు రైలు లేదు, బస్సే దిక్కు. ఎట్లా వచ్చినా చేతిలో ట్రంకు పెట్టె, చంకలో పరుపు చుట్ట, గుండెల్లో బెరుకు. వాళ్లలో ఎందరికో నీడనిచ్చింది రెడ్డి హాస్టల్. 1918లో దాన్ని నిలబెట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవారు. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాలు, అంటే నగర పోలీసులకు పెద్ద. ఆయన పదవి దిగిన కొన్నేళ్లకు అదే నగర పోలీసు శాఖ పేరుతో ఒక ఫుట్‌బాల్ జట్టు దేశాన్ని ఊపేసింది. హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే కలకత్తా జట్లు కూడా జాగ్రత్త పడే రోజులు వచ్చాయి. 1943 నుంచి ఆ జట్టుకు శిక్షకుడు రహీం.

1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్. మోహన్ బగాన్‌ను ఓడించి సిటీ పోలీస్ కప్పు పట్టుకొచ్చింది. బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు మరొకరికి ఇవ్వలేదు. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లో, మళ్లీ 1957-58లో గెలిచింది. ఆబిడ్స్ ప్రాంతం నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఫతే మైదాన్, ఇవాళ్టి లాల్ బహదూర్ స్టేడియం. ఆ పక్కనే నిజాం కాలేజీ మైదానం. చదువుకోను పట్నం వచ్చిన పల్లె పిల్లవాడికి దేశంలోకెల్లా మేటి ఆట కళ్లెదుటే దొరికిన కాలం అది.

ఎడమ కాలితోనే ఆడండి

రహీం పాఠం తీరే వేరు. కుడికాలి వాటం ఉన్నవాళ్లను ఎడమ కాలితో మాత్రమే తన్నమనేవారు. ఆ నియమంతోనే పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ల దగ్గర ఆడిస్తూ మురిసిపోవడం కుదరని పోటీలు ఇంకొన్ని. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఒంటి చేత్తో గెలిపించే వీరుడి కంటే పదకొండుగురు కలిసి ఆలోచించే జట్టు గొప్పదని ఆయన నమ్మకం.

ఓటమి నుంచి పాఠం తీయడం కూడా మాస్టారికి తెలుసు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచిన ఆయన శిక్షణలోని భారత జట్టు, మరుసటి ఏడాది 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం జట్టు ఎత్తుగడలను మొదటి నుంచి మార్చారు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక బీద కుర్రాడి ఆట ఆయన కంటపడింది. పేరు తులసీదాస్ బలరాం. రోజూ శిక్షణకు రమ్మంటే పట్నం రావడానికి డబ్బులు లేవని ఆ పిల్లవాడు చెప్పాడు. సైకిలు అద్దెకు డబ్బులు మాస్టారే ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

మెల్‌బోర్న్ కథ మరీ గొప్పది. 1956 డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను దాని గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందుగా గోల్ చేసింది మనమే. తర్వాత నాలుగు గోల్స్ ఇచ్చి ఓడిపోయాం. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చిన ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న దేశం అది.

సెప్టెంబరు 4, సెనయాన్ స్టేడియం

బస్సులో స్టేడియంకు వెళ్తుంటే సర్దార్లు బయటి మూకల కంటపడకుండా సీట్ల మధ్య ఒదిగి కూర్చోవాల్సి వచ్చింది. లోపల లక్ష మంది. మన జాతీయ గీతం మొదలవగానే గేలి చేశారు. రెఫరీ ఈల వినిపించనంత గోల. ఆ జనంలో మనకోసం కేకలు వేసిన ఒక చిన్న గుంపు పాకిస్థాన్ హాకీ జట్టుదని ఆటగాళ్లు తర్వాత కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

రహీం ఎత్తుగడ ముందే సిద్ధం. కొరియన్లు బంతిని గాలిలో పంపి తలతో ఆడేవాళ్లు. అందుకే ఆజానుబాహువు తంగరాజ్‌ను మళ్లీ గోల్ ముందు నిలబెట్టారు. తలకు కుట్లున్న జర్నైల్‌ను రక్షణ వరుస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్ చేశారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఈ మార్పు ఫలించింది. ఫైనల్లోనూ దానికే కట్టుబడ్డారు. హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ముందుకూ వెనక్కూ అలుపు లేకుండా పరుగెత్తాలి. ఎడమ అంచున బలరాం.

17వ నిమిషం. పి.కె. బెనర్జీ కాలి నుంచి బంతి వలలో పడింది. స్టేడియం ఒక్కసారిగా నోరు మూసుకుంది. మూడు నిమిషాలు తిరగలేదు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ రెండో గోల్ కొట్టాడు. ఇక మిగిలిన ఆటంతా కాపలా. అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్, ఫ్రాంకో ఒకరికొకరు అడ్డుగోడై నిలబడ్డారు. ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా కొరియా ఒక గోల్ చేసింది. ఆ ఐదు నిమిషాలూ ఓర్చుకున్నారు. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి జట్టు మాస్టారు అడిగిన బహుమానం తెచ్చిపెట్టింది.

ఆ తర్వాత రహీం తొమ్మిది నెలలే బతికారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. భారత ఫుట్‌బాల్‌ను ఆయన తనతోపాటు సమాధిలోకి తీసుకుపోయారని ఫ్రాంకో వాపోయారు. ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు మళ్లీ స్వర్ణం గెలవలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం కూడా చిన్న వయసులోనే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆయనా వెళ్లిపోయారు.

చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి

హైదరాబాద్‌లో టీవీ లేని కాలం అది. ఆ ఆటలు పేపర్ల ముక్కల్లో కొంత, చూసినవాళ్ల మాటల్లో ఎంతో మిగిలాయి. పెద్ద ఫైనళ్ల స్కోర్లయినా పుస్తకాల్లో దొరుకుతాయి. కాలేజీల మధ్య జరిగిన ఆటలకు ఆ భాగ్యం కూడా లేదు. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చేదాకా గద్వాల కోటలోని మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ కాలేజీ అయినా, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీ అయినా ఉస్మానియా కిందివే. యూనివర్సిటీ జట్టులో చోటు కావాలంటే ఇక్కడి పిల్లలు పట్నం మైదానంలో నెగ్గాలి. వనపర్తి రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్‌లో చదివిన తరాలకూ ఆడిన ఆటలున్నాయి, గెలిపించిన జతగాళ్లున్నారు. ఎవరు ఏ గోల్ కొట్టారో, ఏ వానలో మ్యాచ్ ఆగిందో, ఎవరి భుజాల మీద ఎవరిని ఊరేగించారో ఆ పెద్దలకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇది చరిత్ర ఎట్లా అవుతుందని ఎవరైనా అడిగితే జవాబు ఈ నేలే చెప్పింది. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడుకు చెంది, 1952లో వనపర్తి ఎమ్మెల్యేగా గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటల గురించి రాశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. జనం ఆడిన ఆటలు లేకుండా జనం చరిత్ర పూర్తి కాదని ఆయన చూపిన దారిలో మనం ఫుట్‌బాల్ అధ్యాయాన్ని ఖాళీగా వదిలేశాం.

ఆ రోజుల్లో ఇరవై ఏళ్లున్న విద్యార్థికి ఇప్పుడు ఎనభై దాటాయి. అందుకని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో తాతనో, పెదనాన్ననో ఆ కాలంలో పట్నంలో చదివి ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఏ మైదానంలో ఏ ఆట చూశారో, తాము ఏ జట్టుకు ఆడారో అడగండి. సెల్‌ఫోన్‌లో మాట రికార్డు చేయండి. పెట్టె అడుగున పాత టీం ఫోటో ఉంటే దాని వెనక పేర్లు, సంవత్సరం రాయించండి. నకలు ఒకటి వాళ్లు చదివిన కాలేజీ గ్రంథాలయానికి ఇవ్వండి. కాలేజీలు, పాలమూరు విశ్వవిద్యాలయం వాటిని ఒకచోట చేర్చి భద్రపరచాలి. రహీం సాబ్ తన కుర్రాళ్లను గెలుపు అడిగారు. ఆ గెలుపులు చూసిన పెద్దలు మనల్ని అడగాల్సిన అవసరం రాకముందే, వాళ్ల మాట రాసి పెట్టడం మన బాధ్యత.